ఉప్పు దారి నుంచి ఉద్యోగుల బస్సు దాకా: జయపురం ప్రయాణాల చరిత్ర

జయపురం తూర్పు కనుమల మీద, సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్న పట్టణం. ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో పెద్ద వ్యాపార కేంద్రం ఇదే. జిల్లా కేంద్రమైన కొరాపుట్ ఇక్కడికి 22 కిలోమీటర్లు; ఇంకా పైన, దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి విశాఖ వైపు సాగే దారిలో విమాన ఇంజన్లు తయారయ్యే సునాబెడ, సిమిలిగుడ, కూరగాయల సంతకు పేరుపడ్డ కుందులి, పొట్టంగి, సుంకి వరసగా తగులుతాయి. ఆ తర్వాత దారి ఘాటీ దిగి సాలూరు చేరుతుంది. ఉపాధ్యాయులు, నర్సులు, గుమాస్తాలు, కాంట్రాక్టు కూలీలు, కాలేజీ పిల్లలు ఈ దారి మీద రోజూ బస్సులకోసం నిలబడతారు. బస్సు వేళకు రాదు, వచ్చినా సీటు దొరకదు. సంతరోజున లోపల కాలు పెట్టే చోటుండదు. ఘాటీలో లారీ అడ్డం తిరిగితే ఆ పూట హాజరు పోతుంది.

ఈ ఇబ్బందులు నిన్నమొన్నటివి కావు. ఈ కొండల్లో వేసిన ప్రతి దారికీ ఏదో ఒక అవసరం కారణమైంది. ఉప్పు, సైన్యం, కలెక్టరు డేరా, ఇనుప ఖనిజం ఒకదాని తర్వాత ఒకటిగా దారులు వేయించాయి. పొద్దున్నే పనికి వెళ్ళి పొద్దుగూకి ఇల్లు చేరే మనిషికోసం వేసిన దారి గాని, నడిపిన బండి గాని చాలాకాలం ఒక్కటీ లేదు. ఇతరుల అవసరానికి పుట్టిన దారిలోనే అతను తన బస్సును వెతుక్కోవలసి వచ్చింది.

మోటారు రాకముందు ఈ దారి బంజారాలది. వారు సముద్రతీరంలో పండిన ఉప్పును ఎద్దుల మీదికెక్కించి, సాలూరు మీదుగా కొండలెక్కి, జయపురం దాటి బస్తరుకూ ఛత్తీస్‌గఢ్ మైదానాలకూ తీసుకుపోయేవారు. తిరుగు ప్రయాణంలో ధాన్యం, నూనెగింజలు, అటవీ సరుకు దిగేవి. ఒక్కొక్క మందలో వందల ఎద్దులుండేవి. వాటికి కావలసింది మేత, నీళ్ళు, కాలు మోపే జాడ. బండి చక్రం తిరిగే బాట వాటికి అక్కర్లేదు. వానాకాలం వచ్చిందంటే వాగులు పొంగి రాకపోకలు నిలిచిపోయేవి. కొండవాళ్ళ ప్రయాణం మటుకు వారం వారం జరిగే సంతకే. కావడి భుజాన వేసుకుని తెల్లవారకముందే బయలుదేరేవారు.

జయపురం అప్పట్లో సూర్యవంశపు రాజుల సంస్థానం. మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం జిల్లాలో ఇది అతి పెద్ద జమీందారీ. 1839 చట్టంతో ఈ కొండ ప్రాంతం ఏజెన్సీ అయింది. జిల్లా కలెక్టరే గవర్నరు ఏజెంటు హోదాలో దీన్ని చూసేవాడు. అయినా 1863 దాకా బ్రిటిష్ అధికారి ఎవరూ జయపురంలో కాపురం పెట్టలేదు. ఆ ఏడు అసిస్టెంటు ఏజెంటును, పోలీసులను ఇక్కడికి పంపారు. వచ్చినవారిని మొదట పట్టింది మన్యం జ్వరం. మలేరియాకు తాళలేక, 1870 తర్వాత పైనున్న కొరాపుట్‌కు కార్యాలయాలు తరలించారు. ఆ నిర్ణయం ఫలితం ఈనాటికీ బస్సుల్లో కనబడుతుంది. అంగళ్ళు, జనం, రాజకోట జయపురంలో ఉండిపోయాయి. కచేరీలు కొరాపుట్‌లో వెలిశాయి. కాపురం ఒక ఊళ్ళో, కొలువు ఇంకో ఊళ్ళో అనే ఏర్పాటు, నడుమ 22 కిలోమీటర్ల ఘాటీ ప్రయాణం ఆనాడే మొదలయ్యాయి.

అధికారులు వచ్చాక బాటలు కావలసివచ్చాయి. సాలూరు నుంచి పొట్టంగి మీదుగా కొరాపుట్‌కు, అక్కడి నుంచి జయపురానికి బండ్ల బాట 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో రూపు కట్టింది. 1882లో జర్మనీలోని బ్రెక్లుం నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు తొలి కేంద్రాలను సాలూరులోనూ కొరాపుట్‌లోనూ పెట్టుకున్నారు. కొండకు దిగువన ఒకటి, ఎగువన ఒకటి. కొండ మీదికి వెళ్ళేవారెవరికైనా ఆ రెండు మజిలీలూ తప్పేవి కావు.

బాట వేసింది కొండవాళ్ళే. దొర క్యాంపుకు కదిలితే పెట్టెలు మోసిందీ వాళ్ళే. ఏజెన్సీలో వెట్టి మోత మామూలు సంగతి. పొరుగునే ఉన్న గూడెం కొండల్లో నర్సీపట్నం–చింతపల్లి రోడ్డు పనికి డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలీలకు సరైన కూలి ఇవ్వకుండా పని చేయించుకోవడం 1922లో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ఒక కారణమైంది. కొరాపుట్ కొండల్లో ఉద్యోగం చేసిన ఒడియా రచయిత గోపీనాథ్ మహంతి 1945లో వెలువరించిన ‘పరజా’ నవలలో అప్పుల్లో మునిగిన ఇంటి ఆడపిల్లలిద్దరు ఊరు విడిచి రోడ్డు కూలికే పోతారు. ఈ రోడ్ల మీద నేడు బస్సు ఆలస్యమైందని విసుక్కునేవారు తెలుసుకోదగ్గ చరిత్ర ఇది. రాళ్ళు కొట్టినవారి మనవలకు ఆ రోడ్డు మీద ప్రయాణించే స్తోమత రావడానికి మరో రెండు తరాలు పట్టింది.

రైలు కొండల దాకా వచ్చి ఆగింది. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 1908–09లో లైను వేసింది. బొబ్బిలి నుంచి సాలూరుకు శాఖ 1913లో వచ్చింది. పార్వతీపురం లైను రాయగడ మీదుగా రాయపూర్ చేరడం 1931లో పూర్తయింది. అంటే రాయగడకు రైలు కూత వినబడిన నాటికి జయపురానికి దగ్గరి రైలు స్టేషను ఘాటీ కింద, వంద కిలోమీటర్ల అవతలున్న సాలూరే. మందులు, బట్టలు, కిరసనాయిలు, ఉత్తరాలు అన్నీ అక్కడ దిగి కొండెక్కవలసిందే.

ఆ రోజుల్లో మద్రాసు రాష్ట్రమంతటా మోటారు బస్సులు పెరుగుతున్నాయి. ఒక బండి, ఒక డ్రైవరు, ఒక క్లీనరు; యజమానే కండక్టరైన బస్సులూ ఉండేవి. రైలుస్టేషను ఉన్న ఊరు నుంచి లేని ఊరికి మోటారు నడపడం అప్పటి వ్యాపార సూత్రం. కొండ మీదికి మోటారు ఎక్కడానికి సాలూరు సహజమైన మొదలు అలా అయింది. ఈ పద్ధతిలో బస్సు వేళను రైలు వేళ నిర్ణయించింది. కచేరీ వేళతో, బడిగంటతో దానికి పనిలేదు. రైలు ఆలస్యమైతే బస్సూ ఆగేది. సీట్లు నిండకపోతే ఇంకాసేపు ఆగేది. నిండితే కదులుదామన్న ఆనాటి అలవాటు జయపురం, రాయగడ బస్టాండుల్లో నూరేళ్ళుగా కొనసాగుతోంది.

1939 మోటారు వాహనాల చట్టం దీనికి కొంత కళ్ళెం వేసింది. ఏ బస్సు ఏ దారిలో, ఏ వేళకు, ఎంత ఛార్జీకి నడవాలో రవాణా అధికారి పర్మిట్ మీద రాసివ్వాలన్న నియమం వచ్చింది. ఆ నియమం కుదురుకోకముందే యుద్ధం ముంచుకొచ్చింది. పెట్రోలుకు రేషను పెట్టారు. బస్సులు బొగ్గు గ్యాస్ మీద నడవవలసి వచ్చింది. బండి వెనక నిలువెత్తు పొయ్యి బిగించి, కట్టెబొగ్గు నింపి, నిప్పు రాజేసేవారు. చేత్తో తిప్పే ఊదుడు చక్రంతో గాలి కొడుతూ ఉంటే కొంతసేపటికి గ్యాస్ పుట్టేది. అది వడపోత డబ్బాల్లోంచి గొట్టం గుండా ఇంజనుకు చేరేది. తెల్లవారి కదలాల్సిన బండికి క్లీనరు చీకటితోనే లేచి చక్రం తిప్పాలి. దారిలో బూడిద దులపాలి, మళ్ళీ బొగ్గు పోయాలి. పెట్రోలుకు ఉన్న బలం ఈ గ్యాస్‌కు ఉండదు. మైదానంలో ఎలాగో సాగిన బండి ఎత్తు రాగానే నీరసించేది. ఎక్కుడు మీద ప్రయాణికులు దిగి నడవడం, అవసరమైతే నెట్టడం ఆనాటి బస్సు ప్రయాణంలో భాగమే.

యుద్ధానికి మూడేళ్ళ ముందే ఇంకో పెద్ద మార్పు జరిగింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైంది. జయపురం సంస్థానం విశాఖపట్నం జిల్లా నుంచి విడిపోయి కొరాపుట్ జిల్లాగా అందులో చేరింది. జిల్లా వైశాల్యం సుమారు 27 వేల చదరపు కిలోమీటర్లు. సరిహద్దు గీత సాలూరుకూ సుంకికీ మధ్య కొండ పక్కగా పడింది. కాగితం మీద రాజధాని కటకం. స్వాతంత్ర్యం తర్వాత భువనేశ్వర్. జయపురానికి భువనేశ్వర్ సుమారు 500 కిలోమీటర్లు, విశాఖపట్నం 220. ఫైలు కటకం వెళ్ళింది గాని జనం విశాఖ వెళ్ళడం మానలేదు. పెద్ద జబ్బు చేస్తే కింగ్ జార్జి ఆసుపత్రి, పెళ్ళిబట్టలకు విజయనగరం, పై చదువుకు ఆంధ్ర విశ్వవిద్యాలయం. జయపురం రాజు విక్రమదేవవర్మ ఆ విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయల విరాళం ఇచ్చాడు. అక్కడి సైన్సు, టెక్నాలజీ కళాశాల ఆయన పేరుతోనే వెలిసింది. రాజకుటుంబానికి విశాఖ సముద్రపు ఒడ్డున హవామహల్ ఉంది. ఒడియా, తెలుగు, సంస్కృతం, ఇంగ్లీషు తెలిసిన ఆ రాజు కారు నడిచిన ఘాటీ దారిలోనే తెలుగు కోమట్ల సరుకు, ఒడియా గుమాస్తాల సామాను, కొండవాళ్ళ పసుపు, అల్లం నడిచాయి.

గీత పడిన ఫలితం బస్సు మీద నేరుగా పడింది. ఒక రాష్ట్రంలో ఇచ్చిన పర్మిట్ మరో రాష్ట్రంలో చెల్లాలంటే అక్కడి అధికారి కూడా దాని మీద సంతకం చేయాలి. 1939 చట్టంలో ఉన్న ఈ నియమం 1988లో వచ్చిన కొత్త చట్టంలోనూ నిలిచింది. ఏ రాష్ట్రపు బస్సులు పక్క రాష్ట్రంలో ఎన్ని ట్రిప్పులు తిరగాలి, ఎన్ని కిలోమీటర్లు నడవాలి అన్నది రెండు ప్రభుత్వాలు ఒప్పందం చేసుకుని తేల్చాలి. ఒకప్పుడు ఒకే జిల్లాలో ఉన్న సాలూరు–పొట్టంగి ప్రయాణం ఆ విధంగా అంతర్రాష్ట్ర వ్యవహారమైంది. జనం పెరిగినంత తేలిగ్గా ట్రిప్పులు పెరగవు. సుంకిలో ఉద్యోగం చేస్తూ సాలూరులో ఉండే మనిషికి అదనంగా ఒక పొద్దుటి బస్సు కావాలంటే రెండు రాజధానులు తలూపాలి.

స్వాతంత్ర్యం తర్వాత దక్షిణ ఒడిశాలో బరంపురం కేంద్రంగా ఒరిస్సా రోడ్ ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ బస్సులు నడిపింది. ప్రైవేటు యజమానుల బస్సులు దానితోపాటు సాగాయి. 1974లో ఒడిశా రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. 1990లో బరంపురం కంపెనీ అందులో కలిసిపోయింది. అప్పటికే సర్కారు బస్సు చిక్కిపోయింది. ఒడిశా సంస్థకున్న బస్సులు కొన్ని వందలే కాగా, 1958 జనవరి 11న పుట్టిన ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ 1999లో 18,397 బస్సులతో గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఒకే రోడ్డు, గీతకు ఇటు ఒక లోకం, అటు ఒక లోకం. సాలూరు, పార్వతీపురం, విజయనగరం, విశాఖ నుంచి వచ్చే ఎర్ర బస్సు అందుకే జయపురం, కొరాపుట్, రాయగడ తెలుగువారికి అంత నమ్మకం. ఖాళీగా ఉన్నా వేళకు కదులుతుందని, ఎక్కినవాడికి టిక్కెట్టు చిరుగుతుందని వారి ధీమా. ‘సాలూరు, రామభద్రపురం, ఇజీనారం’ అన్న కేక జయపురం బస్టాండులో వినిపించని రోజుండదు. పక్కనే ఇంకో క్లీనరు నవరంగపురానికో మల్కనగిరికో ఒడియాలో, దేశియా యాసలో పిలుస్తుంటాడు.

కొండ మీద పరిశ్రమలు వచ్చాక పనికి పోయే జనం ఒక్కసారిగా పెరిగారు. మద్రాసు, ఒడిశా కలిసి మొదలుపెట్టిన మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు కేంద్రం 1955లో పనిచేయసాగింది. తూర్పు బెంగాల్ కాందిశీకులకు పునరావాసం కల్పించడానికి 1958లో కొరాపుట్ కేంద్రంగా దండకారణ్య ప్రాజెక్టు మొదలైంది. ఉమ్మర్‌కోట, మల్కనగిరి వైపు రోడ్లు ఆ పనిలోనే వచ్చాయి. 1960లలో సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ మిగ్ విమానాల ఇంజన్ల కర్మాగారం కట్టింది. 1981లో నాల్కో ఏర్పడి దామన్‌జోడిలో అల్యూమినా కర్మాగారం నిర్మించింది. ఇవన్నీ టౌన్‌షిప్పులు కట్టుకున్నాయి, ఉద్యోగులకు బస్సులు పెట్టుకున్నాయి. కాంట్రాక్టు కూలీకి, టౌన్‌షిప్పులో ఇళ్ళపని చేసే ఆడమనిషికి, ఎదుట టీకొట్టు పెట్టుకున్నవాడికి ఆ బస్సుల్లో చోటులేదు. ఒకే గేటు ముందు షిఫ్టు వేళకు రెండు రకాల మనుషులు దిగుతారు: పేరున్న సీట్లోంచి కొందరు, టాపు మీదినుంచి కొందరు.

ఈ పరిశ్రమలు వస్తున్న రోజుల్లోనే రైలూ జయపురం చేరింది. కొత్తవలస–కిరండూల్ లైను అది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపానుకు పంపడానికి జపాను సహకారంతో వేసిన లైను. 1960ల ద్వితీయార్ధంలో తెరుచుకుంది. అరకు మీదుగా సొరంగాల్లోంచి సాగే ఆ ప్రయాణం అందమైనదే. అయితే ఒంటి లైను మీద ఖనిజం బండ్లదే పెత్తనంగా ఉండేది. ప్రయాణికుల రైళ్ళు రోజుకు ఒకటో రెండో నడిచేవి. పది గంటలకు ఆఫీసులో ఉండవలసిన మనిషికి అవి ఏ వేళకూ పనికిరాలేదు. కొరాపుట్–రాయగడ లైను 1990ల చివరకు గాని పూర్తి కాలేదు.

రాయగడ కథ కాస్త వేరు. 1931 నుంచీ రైలు ఉండడంతో పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం వైపు రాకపోకలకు బస్సు ఒక్కటే దిక్కు కాలేదు. జేకేపురంలో కాగితపు మిల్లు, తెరువలిలో ఫెర్రో అల్లాయ్ కర్మాగారం 1960లలో వచ్చాయి. జేకేపురం పట్టణానికి పక్కనే కావడంతో సైకిలు మీద డ్యూటీకి పోయే తరం ఒకటి అక్కడ ఉండేది. ఇబ్బంది పడ్డది లోపలి ఊళ్ళవారు. రాయగడ నుంచి లక్ష్మీపురం మీదుగా కొరాపుట్ వెళ్ళే దారి, గుణుపురం దారి, బిస్సంకటక్ దారి కొండల మధ్య మెలికలు తిరుగుతాయి. అక్కడ ఒక్క బస్సు తప్పిపోతే తర్వాతిది ఎప్పుడో చెప్పలేరు.

1992 అక్టోబరు 2న పాత కొరాపుట్ జిల్లాను కొరాపుట్, రాయగడ, నవరంగపురం, మల్కనగిరి అని నాలుగు చేశారు. మంచి పనే, కలెక్టరు జనానికి దగ్గరయ్యాడు. జయపురం నుంచి నవరంగపురం 40 కిలోమీటర్లే కావడంతో పిల్లల చదువులు, సొంతిళ్ళు ఇక్కడే ఉంచుకుని రోజూ బస్సులో వెళ్ళివచ్చే ఉద్యోగులకు కొత్త దారి తెరుచుకుంది. మల్కనగిరి వంద కిలోమీటర్ల పైమాట. అక్కడికి సోమవారం వేకువ బస్సు ఎక్కి శనివారం రాత్రి తిరిగివచ్చే పద్ధతి ఏర్పడింది.

ప్రైవేటు బస్సు పనితీరు తెలిస్తే ఆలస్యం ఎక్కడ పుడుతుందో అర్థమవుతుంది. పర్మిట్ మీద ప్రతి బస్సుకూ బస్టాండులోంచి బయటపడే నిమిషం రాసి ఉంటుంది. ముందు బస్సుకూ వెనక బస్సుకూ తేడా కొద్ది నిమిషాలే. దారిలో నిలబడ్డ జనాన్ని ఎవరు ఎక్కించుకుంటారన్నదే యజమాని రాబడి. అందుకని ఊరు దాటేవరకూ బండి పాకుతుంది. డ్రైవరు ఇంజను ఆపడు, గేరు వేస్తాడు, నాలుగడుగులు కదిలి ఆగుతాడు. కదులుతున్న బండి చూసి పరుగెత్తుకొచ్చి ఎక్కినవారు అరగంట తర్వాత కూడా అదే వీధిలో ఉంటారు. వెనక బస్సు హారన్ వినబడగానే పోటీ మొదలై, అప్పటిదాకా పోగొట్టిన సమయమంతా మలుపుల మీద రాబట్టే ప్రయత్నం జరుగుతుంది. ఉద్యోగికి రెండు విధాలా నష్టమే: మొదట హాజరు గురించి భయం, ఆ తర్వాత ప్రాణం గురించి.

బస్సు లేని చోట ట్రెక్కరు దిక్కు. కొరాపుట్, రాయగడ జిల్లాల్లో లోపలి గ్రామాలకు దశాబ్దాల పాటు నిజమైన ప్రజారవాణా ఈ జీపే. లోపల కుక్కి కుక్కి కూర్చోబెట్టి, వెనక మెట్టు మీద, టాపు మీద, డ్రైవరు కుడిపక్కన సైతం మనుషుల్ని ఎక్కించేవారు. చట్టం ఒప్పుకోని ప్రయాణమిది. అయినా బడి తెరవవలసిన పంతులు, టీకాల డబ్బా పట్టుకున్న నర్సు దీన్ని ఎక్కక తప్పలేదు.

సంతరోజు ఇంకో పరీక్ష. కుందులి సంతనాడు కొండల్లోంచి అల్లం, చిక్కుడు, క్యాబేజీ, బంగాళాదుంప బుట్టలు దిగుతాయి. మేకలు, కోళ్ళు, కుండలు వస్తాయి. బుట్టకు ఛార్జీ ఉంటుంది, కోడికి ఛార్జీ ఉంటుంది. నిలబడ్డ గుమాస్తా ఇచ్చేదానికన్నా ఒక బస్తా ఎక్కువ ఇస్తుంది కాబట్టి కండక్టరు చూపు బస్తా మీదే. అలాగని సంతకు వచ్చే పరజా, గదబ తెగల ఆడవాళ్ళను తప్పుపట్టడానికి లేదు. వారానికొకసారి రొక్కం కళ్ళజూసే రోజు వారికి అదే. ఒకే బస్సు అటు సరుకు లారీగా, ఇటు ఆఫీసు బస్సుగా పనిచేయవలసి రావడమే అసలు లోపం.

సుంకి ఘాటీ ఈ ప్రయాణానికంతటికీ గుండెకాయ. సాలూరు దాటగానే కొండ మొదలవుతుంది. మైదానపు ఉక్కపోత తగ్గి గాలి చల్లబడుతుంది. మలుపు మలుపుకూ డ్రైవరు గేరు దించుతాడు. ఎదురుగా ఖనిజం, సిమెంటు, కలప లారీలు దిగుతుంటాయి. ఇరుకు మలుపులో బస్సు ఆగవలసి వస్తే క్లీనరు తలుపులోంచి దూకి, కాళ్ళ దగ్గర ఉంచుకున్న చెక్క దిమ్మెను వెనక చక్రం కింద పెడతాడు. బండి కదలగానే దాన్ని లాగి పరుగెత్తి ఎక్కుతాడు. పాత బండ్లకు రేడియేటరు మరిగేది; పిల్లకాలువ దగ్గర ఆపి నీళ్ళు పోసేవారు. కడుపులో తిప్పి కిటికీలోంచి తల బయటపెట్టేవారి కోసం అనుభవమున్న ప్రయాణికులు నిమ్మకాయో ఉప్పు వేసిన ఉసిరికాయో చేతిలో ఉంచుకుంటారు. వర్షాకాలం కొండచరియ జారితే, లారీ బోల్తాపడితే రెండువైపులా కిలోమీటర్ల వరస నిలిచిపోతుంది. చలికాలపు పొగమంచులో తెల్లవారు బస్సులు ఎదుటి బండి దీపం చూసి నడుస్తాయి. ఈ దారి ఒకప్పుడు 43వ నంబరు జాతీయ రహదారి. 2010లో నంబర్లు మార్చాక 26 అయింది. రాయగడ–కొరాపుట్–జయపురం–మల్కనగిరి దారి 326 అయింది.

2000 తర్వాత బస్సుకు మరో అడ్డంకి తోడైంది. 2004 ఫిబ్రవరిలో మావోయిస్టులు కొరాపుట్ ఆయుధాగారం మీద దాడిచేశారు. బంద్ పిలుపు వస్తే రాత్రి సర్వీసులు ఆగిపోయేవి. లోపలి దారుల్లో చెట్లు కొట్టి పడేసేవారు. 2017 ఫిబ్రవరి 1న సుంకి దగ్గరి ముంగరభూమి వద్ద మందుపాతర పేలి పోలీసులు చనిపోయారు. ఆ పేలుడు జరిగింది జనం రోజూ బస్సులో తిరిగే జాతీయ రహదారి మీదే. మల్కనగిరి జిల్లాలో బలిమెల జలాశయం వెనక చిక్కుకున్న ఊళ్ళకు 2018 జూలైలో గురుప్రియ వంతెన తెరిచేవరకూ లాంచీయే బస్సు. తర్వాత 2020 మార్చి లాక్‌డౌన్‌లో సరిహద్దు మూతపడినప్పుడు, బస్సు లేకపోతే ఈ కొండలకు విశాఖ ఎంత దూరమో వైద్యానికి పోవలసినవారికి తెలిసివచ్చింది. కొరాపుట్‌లో 2017లో షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల తెరవడం ఈ లోటును కొంత తీర్చింది. 2009లో వచ్చిన ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయానికి చేరేది మాత్రం ఈ బస్సులు పట్టుకునే పిల్లలే.

జయపురానికి 2022లో భువనేశ్వర్ నుంచి తొమ్మిది సీట్ల విమానం వచ్చింది. దానికన్నా పెద్ద మార్పు మరుసటి ఏడు జరిగింది. 2023 అక్టోబరులో ఒడిశా ప్రభుత్వం గ్రామ పంచాయతీలను బ్లాకు కేంద్రాలతో, బ్లాకులను జిల్లా కేంద్రాలతో కలిపే ‘లక్ష్మీ’ బస్సులను మల్కనగిరి నుంచి మొదలుపెట్టి కొరాపుట్, రాయగడ, నవరంగపురాలకు తెచ్చింది. నామమాత్రపు ఛార్జీకి, నిర్ణయించిన వేళకు, ఊళ్ళోకి వచ్చే సర్కారు బస్సు ఇది. ఈ జిల్లాల్లో రోజువారీ ప్రయాణికుడిని మనసులో పెట్టుకుని వేసిన మొదటి ప్రణాళిక దీన్నే అనాలి. ప్రభుత్వం మారాక పథకం పేరు ముఖ్యమంత్రి బస్ సేవ అయింది.

ఆ బస్సు రాష్ట్ర సరిహద్దు గీత దగ్గర ఆగుతుంది. గీతకు అవతల ఆంధ్రప్రదేశ్ 2025 ఆగస్టు 15న మహిళలకు ఉచిత ప్రయాణం ఇచ్చే స్త్రీశక్తి పథకం తెచ్చింది. అంతర్రాష్ట్ర సర్వీసులకు అది వర్తించదు. సాలూరులో ఎక్కి పొట్టంగిలోనో సుంకిలోనో పాఠం చెప్పడానికి దిగే పంతులమ్మకు రెండు ప్రభుత్వాల మేలూ దారి మధ్యలోనే ఆగిపోయాయి. ఒప్పందంలో నాలుగు పొద్దుటి ట్రిప్పులు, నాలుగు సాయంత్రపు ట్రిప్పులు చేర్చడం రెండు రాష్ట్రాల రవాణా శాఖలు ఒక్కపూట కూర్చుంటే తేలే పని. సాలూరు–కొరాపుట్, పార్వతీపురం–రాయగడ దారులతో ఆ పని మొదలుపెట్టాలి.